తెగులు నిరోధక ద్రాక్ష రకాలు: పర్యావరణ హిత వైన్ తయారీలో నిరోధకతను నిలుపుకోవలసిన ఆవశ్యకత

ఉపోద్ఘాతం

ఫ్రాన్స్ దేశపు వ్యవసాయ భూమిలో ద్రాక్ష తోటల వాటా సుమారు 3 శాతం మాత్రమే. అయినప్పటికీ ఆ దేశంలో వినియోగమయ్యే సస్యరక్షణ రసాయనాలలో దాదాపు ఐదవ వంతు ఈ తోటలలోనే ఖర్చవుతున్నది. వీటిలో అత్యధిక భాగం శిలీంధ్రనాశినులు. అవి కూడా ప్రధానంగా రెండు తెగుళ్ళ నివారణకు వాడబడుతున్నవి. ఒకటి డౌనీ మిల్డ్యూగా ప్రసిద్ధమైన బూజు తెగులు, రెండవది బూడిద తెగులు. ఒక్కొక్క పంటకాలంలో పది సార్లకు పైగా పిచికారీ చేయడం అక్కడి వైన్ ద్రాక్ష రైతులకు పరిపాటి.

ఈ భారాన్ని తగ్గించడానికి గల మార్గాలలో తెగులును తనంతట తాను ఎదుర్కొనగల రకాన్ని నాటడం అన్నింటికంటె సూటి మార్గం. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, హంగరీ మొదలైన దేశాల పరిశోధన సంస్థలు గత యాభై సంవత్సరాలలో ఇటువంటి రకాలను రూపొందించినవి. శిలీంధ్రాలను తట్టుకొనేవి అనే అర్థం గల జర్మన్ పదం నుండి వీటికి 'పివి' రకాలు అనే పేరు వచ్చినది. ఈ రకాల సాగులో శిలీంధ్రనాశినుల వాడకం 80 నుండి 90 శాతం వరకు తగ్గుతుందని ఫ్రెంచి జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ పేర్కొంటున్నది.

అయితే ఈ అంకెను చూసి సమస్య తీరినదని భావించడం పొరపాటు. వరిలో ఒక రకం నిరోధకత కోల్పోయినచో మరుసటి పంటకాలానికి వేరొక విత్తనం ఎంచుకొనవచ్చును. ద్రాక్ష తోట 25 నుండి 30 సంవత్సరాలు నిలిచే పెట్టుబడి. ఎనిమిదవ సంవత్సరంలో నిరోధకత సడలినచో మిగిలిన ఇరవై సంవత్సరాలూ రైతు మరల పాత పిచికారీల పట్టికనే ఆశ్రయించవలసి వస్తుంది; పైగా మార్కెట్లో పేరు లేని రకం అతని చేతిలో మిగిలిపోతుంది. కనుక ఒక రకాన్ని సిఫారసు చేసే ముందు దాని నిరోధకత ఎంతకాలం నిలుస్తుంది, దానిని నిలిపి ఉంచుటకు తోటలో ఏమి చేయవలసి ఉన్నది అనే రెండు ప్రశ్నలకు సమాధానం కావాలి. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలను యూరప్ అనుభవం ఆధారంగా పరిశీలిస్తుంది.

తెగుళ్ళ రాక, రాగి వాడకం

వైన్ తయారీకి పేరుపొందిన రకాలన్నీ దాదాపుగా విటిస్ వినిఫెరా జాతికి చెందినవి. ఈ జాతి యూరప్, పశ్చిమ ఆసియా ప్రాంతాలలో పెరిగినది. బూడిద తెగులు, బూజు తెగులు రెండింటి జన్మస్థానం ఉత్తర అమెరికా. అక్కడి అడవి ద్రాక్ష జాతులు ఈ తెగుళ్ళతో చిరకాలం కలిసి జీవించి వాటిని తట్టుకొనే శక్తిని సంతరించుకొన్నవి. వినిఫెరాకు ఆ అవకాశం కలగలేదు.

బూడిద తెగులును కలిగించే ఎరిసిఫీ నెకేటర్ శిలీంధ్రం 1845లో ఇంగ్లండులో మొదట గుర్తించబడినది. కొద్ది సంవత్సరాలలోనే అది ఫ్రాన్స్ తోటలకు వ్యాపించి దిగుబడులను తీవ్రంగా దెబ్బతీసినది. గంధకపు పొడి చల్లడం ద్వారా దీనిని అదుపు చేయగలిగినారు. తరువాత వేర్లను తినే ఫిల్లోక్సెరా పురుగు వచ్చినది. అమెరికన్ జాతుల వేరుమూలాలపై వినిఫెరా రకాలను అంటు కట్టి ఆ గండం నుండి బయటపడినారు. 1878లో బూజు తెగులు ఫ్రాన్స్‌లో కనిపించినది. ఫిల్లోక్సెరాను తట్టుకొనే వేరుమూలాల కోసం తెప్పించిన అమెరికన్ మొక్కలతోపాటే ఇది వచ్చి ఉండవచ్చునని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఒక సమస్యకు పరిష్కారంగా తెచ్చిన మొక్కలే మరొక సమస్యకు దారి తీసిన ఈ సంఘటనను మొక్కల క్వారంటీన్ పాఠంగా విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

బోర్డో ప్రాంతంలో దారిన పోయేవారు పళ్ళు కోయకుండా బాట పక్కన గల తీగలపై మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు బూజు తెగులు సోకలేదని మిల్లార్డే గమనించి, 1885లో బోర్డో మిశ్రమాన్ని వెలువరించినాడు. మొక్కల తెగుళ్ళ శాస్త్ర చరిత్రలో ఇది ఒక మైలురాయి. నేటికీ సేంద్రియ ద్రాక్ష రైతుకు బూజు తెగులుపై ప్రధాన ఆధారం రాగియే.

రాగి మూలకం కావున నేలలో విచ్ఛిన్నం కాదు. వేసినంతా పై పొరలో పేరుకొంటుంది. నూరేళ్ళకు పైగా బోర్డో మిశ్రమం వాడిన తోటలలో కిలో మట్టికి 100 మిల్లీగ్రాములకు మించి రాగి ఉండడం అరుదు కాదు. ఇది వానపాములకు, నేలలోని సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. ఈ కారణంగా యూరోపియన్ యూనియన్ 2019 జనవరి 1 నుండి రాగి వాడకాన్ని ఏడు సంవత్సరాల కాలానికి హెక్టారుకు మొత్తం 28 కిలోలకు, అనగా సగటున ఏటా 4 కిలోలకు పరిమితం చేసినది. వర్షాలు అధికంగా కురిసిన సంవత్సరాలలో ఈ పరిమితిలో సేంద్రియ తోటను కాపాడుకోవడం కష్టం. రసాయనాలను మానిన రైతు సైతం రాగిని మానలేకపోతున్నాడు. నిరోధక రకాల అవసరం ఇక్కడ స్పష్టమవుతుంది.

తొలి సంకర రకాలు నేర్పిన పాఠం

అమెరికన్ జాతుల నిరోధకతను, వినిఫెరా రుచిని ఒకే మొక్కలో కలపాలనే ప్రయత్నం కొత్తది కాదు. 19వ శతాబ్దం చివరి నుండి ఫ్రెంచి ప్రజననకారులు వేల సంఖ్యలో సంకర రకాలు రూపొందించినారు. అంటు కట్టకుండా నేరుగా నాటడానికి వీలైనందున వీటిని 'ప్రత్యక్ష ఫలదాయక' రకాలని వ్యవహరించేవారు. 1950వ దశకం చివరి నాటికి ఫ్రాన్స్‌లో వీటి విస్తీర్ణం సుమారు 4 లక్షల హెక్టార్లకు చేరినది.

కాని వీటిలో అనేక రకాల వైన్ నాణ్యత తక్కువగా ఉండేది. విటిస్ లాబ్రుస్కా జాతి నుండి వచ్చిన మిథైల్ ఆంథ్రనిలేట్ అనే పదార్థం వైన్‌కు ఘాటైన వాసన కలిగిస్తుంది. మిగులు ఉత్పత్తి, నాణ్యత సమస్యల నేపథ్యంలో 1934లో ఫ్రాన్స్ నోవా, ఒథెల్లో, ఇసబెల్లా, జాకే, క్లింటన్, హెర్బెమాంట్ అనే ఆరు రకాలను నిషేధించినది. తరువాతి దశాబ్దాలలో మిగిలిన సంకర రకాలు కూడా క్రమంగా తొలగిపోయినవి.

వీటి నుండి రెండు విషయాలు గ్రహించవలెను. మొదటిది, నిరోధకత ఎంత ఉన్నా పళ్ళ నాణ్యత లేని రకం నిలవదు. రెండవది, తొలగిపోయిన ఆ సంకర రకాలే నేటి నిరోధక రకాలకు జన్యు భాండాగారాలైనవి. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న నిరోధక జన్యుస్థానాలలో కొన్ని ఆ పాత రకాల ద్వారానే సంక్రమించినవి.

నిరోధకత పనిచేసే తీరు

బూజు తెగులును కలిగించే ప్లాస్మోపారా విటికోలా నిజమైన శిలీంధ్రం కాదు; ఊమైసీట్స్ వర్గానికి చెందిన జీవి. రాలిన ఆకులలో దీని లైంగిక సిద్ధబీజాలు చలికాలాన్ని గడుపుతవి. వసంతంలో వాన కురిసినపుడు వాటి నుండి వెలువడిన గమన సిద్ధబీజాలు ఆకు అడుగు భాగాన నీటి పొరలో ఈదుతూ పత్రరంధ్రాలను చేరుకొంటవి. అక్కడి నుండి మొలిచిన తంతువు కణాలలోనికి చూషకాలను పంపి ఆహారం గ్రహిస్తుంది. కొద్ది రోజులకు ఆకు పైభాగాన నూనె మరకల వంటి పసుపు మచ్చలు, అడుగున తెల్లని బూజు కనిపిస్తవి.

నిరోధక మొక్కలో ఈ క్రమం మొదటి దశలలోనే ఆగిపోతుంది. తెగులు జీవి కణంలోనికి పంపే ప్రోటీన్ల ఉనికిని మొక్కలోని గ్రాహక ప్రోటీన్లు పసిగడతవి. వెంటనే సోకిన కణం, దాని చుట్టుపక్కల గల కొన్ని కణాలు తమంతట తాము చనిపోతవి. దీనినే అతి సున్నిత ప్రతిచర్య అంటారు. ఈ తెగులు జీవి బ్రతికి ఉన్న కణాలపైన మాత్రమే జీవించగలదు కావున చుట్టూ కణాలు చనిపోవడంతో దానికి ఆహారం అందదు. దీనితోపాటు స్టిల్బీన్ వర్గానికి చెందిన రక్షక పదార్థాలు కూడా ఆ చోట పోగవుతవి. అందువల్ల నిరోధక రకం ఆకుపై సూదితో పొడిచినట్లుండే చిన్న గోధుమ రంగు చుక్కలు కనిపించడం సహజం. ఈ చుక్కలను చూసి తెగులు ఉధృతమైనదని భయపడి పిచికారీకి పూనుకొనే రైతులకు వాటి అర్థం వివరించడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

బూజు తెగులు నిరోధక జన్యుస్థానాలకు 'ఆర్‌పీవీ' అని, బూడిద తెగులు నిరోధక స్థానాలకు 'రన్' లేక 'రెన్' అని పేరు పెట్టి సంఖ్యలిచ్చినారు. ఉదాహరణకు ఆర్‌పీవీ-3 అమెరికన్ జాతుల నుండి వచ్చినది; 18వ క్రోమోజోముపై ఉన్నది. ఆర్‌పీవీ-10, ఆర్‌పీవీ-12 తూర్పు ఆసియాకు చెందిన విటిస్ అమురెన్సిస్ నుండి వచ్చినవి. ఆర్‌పీవీ-1, రన్-1 రెండూ మస్కడైన్ ద్రాక్ష నుండి వచ్చి 12వ క్రోమోజోముపై పక్కపక్కనే ఉన్నవి. కావున ఒకే ఎంపికలో రెండు తెగుళ్ళ నిరోధకతను పొందడం సాధ్యమైనది.

ఆధునిక రకాల రూపకల్పన

జర్మనీలోని గైల్‌వైలర్‌హోఫ్ పరిశోధన సంస్థలో 1967లో గెర్హార్ట్ ఆల్లెవెల్ట్ చేసిన సంకరం నుండి రీజెంట్ అనే ఎర్ర వైన్ రకం వెలువడినది. దీని తల్లి డయానా వినిఫెరా రకం. తండ్రి షాంబూర్సాన్ ఫ్రెంచి సంకర రకం. బూజు తెగులుకు ఆర్‌పీవీ-3, బూడిద తెగులుకు రెన్-3, రెన్-9 స్థానాలు ఇందులో ఉన్నట్లు తరువాత తెలిసినది. జర్మనీలో దీని విస్తీర్ణం ఒక దశలో 2,000 హెక్టార్లు దాటినది. అదే దేశంలోని ఫ్రైబుర్గ్ సంస్థలో 1975లో రూపొందిన సోలారిస్ అనే తెల్ల రకం తొందరగా పక్వమయ్యే గుణం వల్ల డెన్మార్క్, స్వీడన్ వంటి చలి దేశాలలో సైతం స్థిరపడినది.

ఫ్రాన్స్‌లో మొంపెలియే కేంద్రానికి చెందిన ఆలాన్ బూకే 1974 నుండి మస్కడైన్ ద్రాక్షపై కృషి చేసినాడు. మస్కడైన్‌లో 40 క్రోమోజోములు, వినిఫెరాలో 38 క్రోమోజోములు ఉండడం వల్ల వాటి సంకరాలు చాలావరకు వంధ్యమైనవి. అమెరికాలో 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో లభించిన ఒక అరుదైన సంకరాన్ని ఆధారం చేసుకొని, ప్రతి తరంలోను తిరిగి వినిఫెరా రకాలతో సంకరపరుస్తూ, నిరోధక జన్యువును నిలుపుకొంటూ మిగిలిన అడవి లక్షణాలను బూకే తొలగించినాడు.

ఆర్‌పీవీ-1, రన్-1 గల బూకే మొక్కలను, ఆర్‌పీవీ-3, రెన్-3 గల జర్మన్ రకాలను కలిపే కార్యక్రమాన్ని ఫ్రెంచి సంస్థ 2000 సంవత్సరంలో ప్రారంభించినది. మన్నికైన నిరోధకత అనే భావాన్ని సూచిస్తూ దానికి 'రెస్‌డ్యూర్' అని పేరు పెట్టినారు. మార్కర్ల సహాయంతో మొలక దశలోనే రెండు జన్యుస్థానాలూ గల మొక్కలను ఎంపిక చేసినారు. ఈ కృషి ఫలితంగా ఆర్తబాన్, విడోక్ అనే ఎర్ర రకాలు, ఫ్లోరియల్, వోల్టిస్ అనే తెల్ల రకాలు 2018లో ఫ్రెంచి అధికారిక జాబితాలో చేరినవి. ఆర్తబాన్, విడోక్ రకాలకు రీజెంట్ ఒక జనకం. బూకే తొలి కృషికి, రకం విడుదలకు మధ్య 44 సంవత్సరాలు గడిచినవి. ద్రాక్షలో ఒక నిరోధక జన్యువు విలువ ఎంతటిదో ఈ కాలపరిమితియే తెలుపుతున్నది. అంత శ్రమతో సంపాదించినది తోటలో అజాగ్రత్త వల్ల కొద్ది సంవత్సరాలలో నిష్ఫలం కారాదు.

ఇటలీలో ఊదినె విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2015లో పది నిరోధక రకాలను నమోదు చేయించినారు. వీటిలో మెర్లో, కాబర్నే, సావిన్యాన్ వంటి ప్రసిద్ధ రకాల సంతతి ఉన్నది.

నిరోధకత సడలిన సందర్భాలు

హంగరీలో రూపొందిన బియాంకా రకంలో ఆర్‌పీవీ-3 ఉన్నది. ఈ రకం ద్రాక్ష విస్తీర్ణంలో కొద్ది భాగానికే పరిమితమైనది. అయినప్పటికీ దీని నిరోధకతను ఛేదించిన బూజు తెగులు తెగ ఒకటి లభించినట్లు 2010లో ఇటలీ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ప్రకటించినారు. ఆ తెగ సోకిన ఆకులలో అతి సున్నిత ప్రతిచర్య కనిపించలేదు. కొద్ది విస్తీర్ణంలో సాగైన రకంలోనే ఇలా జరగడం గమనార్హం. ఆ తరువాతి పరిశోధనలలో ఆర్‌పీవీ-10, ఆర్‌పీవీ-12 స్థానాలను అధిగమించే తెగలు కూడా యూరప్‌లో గుర్తించబడినవి.

నిరోధకత ఎప్పుడూ ఒక్కసారిగా కూలిపోదు. నెమ్మదిగా అరగడం కూడా కద్దు. రీజెంట్ వంటి పాక్షిక నిరోధక రకాలపై సేకరించిన బూజు తెగులు తెగలు, సమీపంలోని సాధారణ రకాలపై సేకరించిన తెగల కంటె దూకుడుగా ఉన్నట్లు 2016లో ప్రచురితమైన ఫ్రెంచి అధ్యయనం తెలిపినది. ఇటువంటి మార్పు కంటికి వెంటనే ఆనదు. పిచికారీల సంఖ్య రెండు నుండి నాలుగుకు, నాలుగు నుండి ఆరుకు పెరుగుతూ పోవడమే దాని తొలి సూచన కావచ్చును.

రన్-1 విషయం మరొక రకమైన హెచ్చరిక. యూరప్‌లో ఇది గట్టిగా నిలిచినది. అయితే మస్కడైన్ ద్రాక్ష సహజంగా పెరిగే తూర్పు అమెరికాలో రన్-1 గల మొక్కలకు సోకగల బూడిద తెగులు తెగలు ముందే ఉన్నవి. జన్యువు పుట్టిన చోట దానిని ఎదిరించే తెగులు కూడా పుట్టి ఉండుట సహజం. కావున ఒక దేశంలో నిరోధకమని తేలిన రకం మరొక దేశంలోను అట్లే ఉండునని భావించరాదు.

తెలుగు పాఠకులకు ఇది పరిచితమైన అనుభవమే. ఉల్లికోడును తట్టుకొనే వరి రకంగా పేరుపొందిన ఫల్గుణ ఉత్తర కోస్తాలో కొత్త బయోటైప్ రావడంతో ఆ గుణాన్ని కోల్పోయినది. అక్కడ విత్తనం మార్చడానికి అవకాశం ఉన్నది. ద్రాక్షలో ఆ అవకాశం పాతికేళ్ళకొకసారి మాత్రమే వస్తుంది.

జన్యువుల కూర్పు: లెక్క, పరిమితి

ఒకే మొక్కలో రెండు లేక అంతకు మించిన నిరోధక జన్యువులను చేర్చడంలోని తర్కాన్ని ఒక ఊహాత్మక లెక్కతో వివరించవచ్చును. ఒక జన్యువును అధిగమించే మార్పు 10 లక్షల సిద్ధబీజాలలో ఒకదానికి కలుగుతుందనుకొందాం. రెండు వేరు వేరు జన్యువులను ఒకేసారి అధిగమించే మార్పు కలిగే అవకాశం లక్ష కోట్లలో ఒకటి అవుతుంది. అందువల్ల రెండు జన్యువులు గల రకం దీర్ఘకాలం నిలుస్తుందని ఆశించవచ్చును.

ఈ లెక్క ఒక షరతుకు లోబడి ఉన్నది. రెండు జన్యువులలో ఏ ఒక్కటీ అంతకు ముందే ఛేదించబడి ఉండరాదు. ఆర్‌పీవీ-3ను అధిగమించిన తెగ ఇప్పటికే ఉన్న ప్రాంతంలో ఆర్‌పీవీ-1, ఆర్‌పీవీ-3 గల తోటకు రెండవ జన్యువు వల్ల కలిగే రక్షణ తగ్గుతుంది. ఒకే జన్యువు గల రకం పొరుగు తోటలో ఉన్నచో అది తెగులు జీవికి మెట్టు వలె ఉపయోగపడుతుంది. మొదటి మెట్టు ఎక్కిన తెగకు రెండవ మెట్టు మాత్రమే మిగులుతుంది. బూజు తెగులు జీవి ఏటా లైంగికంగా కూడా వృద్ధి చెందుతుంది కావున రెండు వేరు తెగలలోని సామర్థ్యాలు ఒకే సంతతిలో కలిసే అవకాశం సైతం ఉన్నది.

అంటే నిరోధకత ఒక రైతు సొంత ఆస్తి వంటిది కాదు. ఊరుమ్మడి చెరువు వలె అందరూ కాపాడితేనే అందరికీ దక్కుతుంది. ఒకరి తోటలో పెంపొందిన తెగ గాలితో, వానతో పక్క తోటకు చేరుతుంది.

తోటలో నిరోధకత పరిరక్షణ

ఫ్రాన్స్‌లో నిరోధక రకాల సాగును గమనించడానికి 2017లో ఆస్కార్ అనే పరిశీలన వ్యవస్థ ఏర్పడినది. రైతుల తోటల నుండి తెగులు ఉధృతి, పిచికారీల సంఖ్య మొదలైన వివరాలను ఇది సేకరిస్తున్నది. అక్కడి అనుభవం నుండి, తెగులు శాస్త్ర సూత్రాల నుండి గ్రహించవలసిన ముఖ్యాంశాలు ఇవి.

1. పిచికారీని పూర్తిగా మానరాదు. పూత దశకు అటూ ఇటూ ఏటా రెండు పిచికారీలు చేయడం ఫ్రెంచి శాస్త్రవేత్తల సాధారణ సిఫారసు. దీని వలన తెగులు జీవి సంఖ్య తగ్గి, నిరోధకతను ఛేదించే తెగ నిలదొక్కుకొనే అవకాశం తగ్గుతుంది. గుత్తులు తెగుళ్ళకు అత్యంత సున్నితంగా ఉండే దశ కూడా ఇదే.

2. రకం ఏ తెగులుకు నిరోధకమో స్పష్టంగా తెలుసుకొనవలెను. బూజు, బూడిద తెగుళ్ళ నిరోధక జన్యువులు నల్ల కుళ్ళు తెగులును ఆపలేవు. సాధారణ తోటలలో తరచుగా చేసే పిచికారీల వల్ల అణిగి ఉండే ఈ తెగులు, పిచికారీలు తగ్గించిన తోటలలో మరల తలెత్తిన సందర్భాలున్నవి.

3. సాగు పద్ధతులను విడువరాదు. గుత్తుల వద్ద ఆకులను పలుచన చేయడం, గాలి వెలుతురు ఆడేటట్లు రెమ్మలను సర్దడం, తెగులు సోకిన భాగాలను ఏరివేయడం నిరోధక రకాలలోను అవసరమే.

4. తోట నాటే ముందు రకం జన్యు నిర్మాణం అడిగి తెలుసుకొనవలెను. ఒకే జన్యువు గల రకాన్ని, అదే జన్యువుతో కూర్చిన రకాన్ని పక్కపక్కన నాటరాదు.

5. అసాధారణ లక్షణాలపై నిఘా ఉంచవలెను. గోధుమ చుక్కలు లేకుండా ఆకు అడుగున దట్టమైన బూజు కనిపించినచో అది కొత్త తెగకు సంకేతం కావచ్చును. నమూనాను వెంటనే పరిశోధన కేంద్రానికి పంపవలెను.

నమూనాను పరీక్షించే పద్ధతి సులభమైనది. విద్యార్థులు ప్రయోగశాలలో చేయదగినది. నిరోధక, సాధారణ రకాల నుండి ఒకే వయసు గల ఆకులను సేకరించి గుండ్రని ముక్కలుగా కత్తిరించవలెను. వాటిని అడుగు భాగం పైకి ఉండేటట్లు తడి కాగితంపై అమర్చి, తెగులు జీవి సిద్ధబీజాలు గల నీటి బిందువులను వేయవలెను. తేమ తగ్గకుండా ఐదారు రోజులు ఉంచిన పిదప బూజు పెరుగుదలను, కణాల మృతిని గమనించవలెను. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ నిర్ణయించిన 1 నుండి 9 వరకు గల కొలమానంలో 1 అత్యల్ప నిరోధకతను, 9 అత్యధిక నిరోధకతను సూచిస్తుంది. ఒకే రకానికి వేరు వేరు తోటల తెగలతో వచ్చే అంకెల మధ్య తేడాయే ఇక్కడ ముఖ్య సమాచారం.

వైన్ నాణ్యత, విపణి

పిచికారీలు తగ్గినపుడు లాభం నేలకు మాత్రమే పరిమితం కాదు. ట్రాక్టరు తోటలో తిరగడం తగ్గి డీజిలు ఆదా అవుతుంది; తడి నేల గట్టిపడడం తగ్గుతుంది. పిచికారీ చేసే కూలీలకు, తోటల పక్కన నివసించేవారికి రసాయనాల తాకిడి తగ్గుతుంది. వైన్ తయారీలోను ప్రయోజనం ఉన్నది. పండుపై మిగిలిన గంధకం పులియబెట్టే దశలో కుళ్ళిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కారణం కావచ్చును. అధిక రాగి కొన్ని రకాల సువాసన పదార్థాలను తగ్గిస్తుంది.

కొత్త రకాలకు తమవైన ఇబ్బందులు కూడా ఉన్నవి. అమెరికన్ జాతుల వారసత్వం గల ఎర్ర రకాలలో మాల్విడిన్ డైగ్లూకోసైడ్ అనే రంగు పదార్థం ఎక్కువగా ఉండవచ్చును. దీనికి అంతర్జాతీయ సంస్థ లీటరుకు 15 మిల్లీగ్రాముల పరిమితి నిర్ణయించినది. కొన్ని సంకర రకాలలో ప్రోటీన్లు టానిన్లను పట్టివేయడం వల్ల ఎర్ర వైన్‌కు రావలసిన వగరు తగ్గుతుంది. వైన్ తయారీదారు ఈ గుణాలకు తగినట్లు పద్ధతిని మార్చుకొనవలసి ఉంటుంది.

అన్నింటికంటె పెద్ద అడ్డంకి పేరు. ప్రాంతం పేరుతో అమ్మే యూరోపియన్ వైన్లలో ఏ రకాలు ఉండవచ్చునో చట్టం నిర్దేశిస్తుంది. వినిఫెరాకు, ఇతర ద్రాక్ష జాతులకు పుట్టిన సంకర రకాలను రక్షిత మూల ప్రాంత వైన్లలో వాడటానికి యూరోపియన్ యూనియన్ 2021 డిసెంబరులో అనుమతించినది. షాంపేన్ ప్రాంతంలో వోల్టిస్ రకాన్ని ప్రయోగాత్మకంగా అంగీకరించినారు. అది తోట విస్తీర్ణంలో 5 శాతానికి, వైన్ మిశ్రమంలో 10 శాతానికి మించరాదు. ఈ జాగ్రత్త సంప్రదాయాన్ని కాపాడుటకు ఉద్దేశించినది. విస్తీర్ణం నెమ్మదిగా పెరగడం వల్ల నిరోధకతను గమనించుటకు కూడా వ్యవధి లభిస్తుంది.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం

హైదరాబాద్ పరిసరాలలో ఒకప్పుడు ప్రఖ్యాతి గాంచిన అనాబ్-ఎ-షాహీ, నేడు విస్తృతంగా సాగులో ఉన్న థామ్సన్ సీడ్‌లెస్ రెండూ వినిఫెరా రకాలే. రెండూ బూజు తెగులుకు లొంగేవే. దక్కను ప్రాంతంలో ఏటా వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి కత్తిరింపు చేస్తారు. అక్టోబరు కత్తిరింపు తరువాత వచ్చే లేత చిగుళ్ళపై ఆలస్యపు వానలు పడినచో బూజు తెగులు విజృంభిస్తుంది. పైగా ఇక్కడ తీగకు యూరప్‌లో వలె పూర్తి చలికాల విశ్రాంతి లేదు.

కర్ణాటకలో రసానికి, వైన్‌కు వాడే బెంగళూరు బ్లూ రకం లాబ్రుస్కా వారసత్వం గలది. ఇది పక్షికన్ను తెగులును తట్టుకొంటుంది గాని బూజు తెగులుకు లొంగుతుంది. నిరోధకత ఎప్పుడూ ఒక నిర్దిష్ట తెగులుకు సంబంధించినదే అనడానికి ఇది దగ్గరి ఉదాహరణ. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ అమెరికన్ జాతికి చెందిన కటావ్బా, వినిఫెరాకు చెందిన బ్యూటీ సీడ్‌లెస్ రకాలను సంకరపరచి ఏఆర్ఐ-516 అనే రకాన్ని రూపొందించినది. శిలీంధ్ర తెగుళ్ళను తట్టుకొనే ఈ రకం రసానికి, వైన్‌కు పనికి వస్తుంది. దీని సాగుకు అనువైన రాష్ట్రాలలో తెలంగాణ కూడా ఉన్నది.

యూరోపియన్ నిరోధక రకాలను ఇక్కడ పరీక్షించ దలచినపుడు మూడు అంశాలు గమనించవలెను. స్థానిక బూజు, బూడిద తెగులు తెగలపై ఆకు ముక్కల పరీక్ష ముందు జరగాలి. యూరప్‌లో ఎంపికలో అంతగా పట్టించుకొనని పక్షికన్ను తెగులు, బాక్టీరియా ఆకుమచ్చ తెగులు ఇక్కడ ముఖ్యమైనవి కావున వాటికి విడిగా పరీక్ష అవసరం. మొక్కలను అధికారిక క్వారంటీన్ మార్గంలో మాత్రమే తెప్పించవలెను. 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో జరిగినది దీనికి తగిన హెచ్చరిక.

ముగింపు

తెగులు నిరోధక రకాలు ద్రాక్ష సాగులో రసాయనాల వాడకాన్ని గణనీయంగా తగ్గించగలవని యూరప్ అనుభవం రుజువు చేసినది. ఆ అనుభవమే వాటి నిరోధకత శాశ్వతం కాదని కూడా తెలిపినది. బియాంకాలో ఒక జన్యువు ఓడిపోయినది. రీజెంట్‌పై తెగులు నెమ్మదిగా బలం పుంజుకొన్నది. రెస్‌డ్యూర్ రకాలు ఈ రెండు అనుభవాల తరువాత జన్యువుల కూర్పుతో వచ్చినవి. కూర్పు కూడా పొరుగు తోటలలోని రకాలపై, రైతు చేసే రెండు పిచికారీలపై, తెగులు నిఘాపై ఆధారపడి ఉన్నది.

కావున విస్తరణ శాస్త్రవేత్త నిరోధక రకాన్ని పరిచయం చేసేటపుడు 'మందు అక్కరలేని రకం' అని చెప్పరాదు. 'రెండు పిచికారీలతో, నిత్య పరిశీలనతో పాతికేళ్ళు కాపాడుకొనవలసిన రకం' అని చెప్పవలెను. మొదటి మాట విని తోట వేసిన రైతు తొలి వానల సంవత్సరంలోనే విశ్వాసం కోల్పోతాడు. రెండవ మాట విని వేసిన రైతు గోధుమ చుక్కకు, తెల్లని బూజుకు గల తేడాను గుర్తించి, అవసరమైన రోజున పరిశోధన కేంద్రానికి ఆకు తెచ్చి చూపుతాడు. నిరోధకత ఆయుష్షు చాలావరకు ఆ ఆకు ఎంత త్వరగా చేరినదనే దానిపై ఆధారపడి ఉంటుంది.